తారుమారగు ఆంగ్లపదములు

(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)

 ఏటేట ఈ వేదికపై మేము పాఠశాల నివేదిక చదువుటయు, మీరు ఓపికతో వినుటయు ఆచారమై యున్నది. ఈ యేడు నివేదికను అచ్చువేయించి మీ చేతికే ఇచ్చితిమి. మిగిలిన కాలమును మఱియొక పనికి వాడుకొనుటకు అధ్యక్షులవారు దయతో అనుమతించిరి.

ముందుగా ఒక సంగతి ఒప్పుకొనవలయును. మేము ఆంగ్లభాషాపండితులము కాము. కుప్పములో ఇంటర్మీడియట్ వఱకు చదివి, ఉపాధ్యాయ శిక్షణ పొంది, నాటినుండి తెలుగు మాధ్యమముననే బోధించుచున్నవారము. ఇంగ్లీషు మాటల దగ్గఱ మేము పొరపడినన్ని సార్లు మా విద్యార్థులు కూడ పొరపడి యుండరు. ఈ విషయమున మాట్లాడుటకు మాకున్న అర్హత అదియే.

అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన వారమున ఒక తల్లిగారు మా గదికి వచ్చి, ఏడవ తరగతి చదువుచున్న కుమారుని నోటుపుస్తకమును బల్లపై నుంచిరి. స్నేహితునికి ఇంగ్లీషులో లేఖ వ్రాయుమనగా ఆ బాలుడు “దయచేసి నీ సైకిలును నాకు బారో చేయుము” అని వ్రాసియుండెను. ఇంటికి వచ్చిన మేనమామ కొడుకు అది చదివి పగలబడి నవ్వెనట. “సార్, వాణ్ణి ఇంగ్లీషు మీడియంలో వేస్తాను, టీసీ ఇచ్చేయండి” అని ఆమె అడిగిరి. ఆమె కంఠమున కోపముకంటె అవమానమే ఎక్కువగా వినబడెను. ఈ సంగతిని వారి అనుమతితోనే చెప్పుచున్నాము.

ఆ బాలుడు చేసిన తప్పెట్టిదో చూతము. తెలుగున “అప్పు” అను మాట ఒక్కటియే. అప్పు ఇచ్చుట, అప్పు పుచ్చుకొనుట అని దిక్కును తెలుపు పని క్రియాపదముది. మన ఇరుగుపొరుగు భాషలందును ఇంతియే: తమిళమున “కడన్” ఒక్కటి, కన్నడమున “సాల” ఒక్కటి. ఆంగ్లములోనన్ననో ఆ దిక్కు మాటలోనే ఇమిడియున్నది. పుచ్చుకొనువాడు “బారో” చేయును. ఇచ్చువాడు “లెండ్” చేయును. బాలుడు “అప్పు” అను మాట వెదకి, మొదట కంటబడినదానిని తీసికొనెను. వస్తువు ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోవుచున్నదో చూడలేదు. ఇది తెలుగు మాధ్యమము వలన కలిగిన లోపమా? ఇంగ్లాండులోను, అమెరికాలో కొన్ని ప్రాంతములందును ఇంగ్లీషే తల్లిభాషగా గలవారు కూడ వాడుకలో ఈ “బారో”ను “లెండ్” అర్థమున ప్రయోగించుట కలదు. వ్రాతలో మాత్రము అచ్చటి ఉపాధ్యాయులును దానిని దిద్దుదురు. నవ్విన మేనబావకు ఈ సంగతి తెలియదు కాబోలు.

అయినను తప్పు తప్పే. సైకిలు దగ్గఱ నవ్వుతో పోవునది, సొమ్ము దగ్గఱ అట్లు పోదు. మా పూర్వవిద్యార్థి యొకడు చిన్న వ్యాపారమునకై బ్యాంకునకు అర్జీ వ్రాయుచు, రెండు లక్షల రూపాయలు తాను బ్యాంకునకు “లెండ్” చేయగోరుచున్నట్లు వ్రాసికొనెను. పంపుటకు ముందు మాకు చూపెను గనుక సరిపోయినది.

ఇట్టి చిక్కులకు మూలమొక్కటి. మన భాష ఒక్క మాటతో చెప్పుదానిని ఆంగ్లము రెండుగా చీల్చును. మనము నాలుగుగా చీల్చినదానిని అది ఒక్క మాటతో ముగించును. “నీడ” చూడుడు. చింతచెట్టు క్రింద ఎండ తగులని చల్లని చోటును నీడయే. సాయంకాలము మన వెంట సాగుచు వచ్చు నల్లని ఆకారమును నీడయే. తమిళుల “నిళల్”, కన్నడిగుల “నెరళు” కూడ ఇంతియే. ఆంగ్లమున మొదటిది “షేడ్”, రెండవది “షాడో”. “చెట్టు షాడోలో కూర్చుంటిమి” అని పిల్లవాడు వ్రాసిన, వాని మనస్సులో తప్పు లేదు. మాటల సంచిలో ఒకటి తక్కువైనది. “చూచుట” అట్టిదే. కన్ను తెఱచియున్న కంటబడుట “సీ”; కావలెనని కన్ను త్రిప్పుట “లుక్”; కదలుచున్నదానిని కొంతసేపు కనిపెట్టియుండుట “వాచ్”. “వినుట”యు ఇట్టిదే: చెవిని బడుట “హియర్”, చెవి యొగ్గుట “లిజన్”. తరగతిలో మా మాటలు అందఱు పిల్లలకును “హియర్” అగుచునే యుండును.

ఇక రెండవ విధము. మనకు పొలములో నున్నది వరి, కళ్లములో రాలినది వడ్లు, దంచినది బియ్యము, వండినది అన్నము. ఈ నాలుగింటికిని ఆంగ్లేయుడు “రైస్” అనును. పొట్టుతో నున్న ధాన్యమునకు వాడు “పాడీ” అని వేఱుగా చెప్పవలసివచ్చినపుడు, ఆ మాటను మలయా దేశపు భాషనుండి తెచ్చుకొనెను. అన్నను, తమ్ముని ఒక్క “బ్రదర్”లో పెట్టెను; పెదనాన్నను, చిన్నాన్నను, మేనమామను ఒక్క “అంకుల్”లో కుక్కెను. పిల్లలకు ఇది చెప్పినపుడు వారి ముఖములు వికసించును. తమ భాషలో తక్కువేమియు లేదని వారికి వేఱుగా ఉపన్యసింప నక్కఱలేదు.

ఈ ప్రసంగమునందే మీరొకటి గమనించియుందురు. మేము “మేము” అని మాట్లాడుచున్నాము. అప్పుడప్పుడు “మనము” అనుచున్నాము. వినువారిని విడిచినది మేము. వినువారిని కలుపుకొన్నది మనము. తమిళమున “నాంగళ్”, “నామ్” అని ఈ భేదము కలదు. కన్నడమున లేదు, ఆంగ్లమున లేదు. రెండింటికిని “వి” అనియే వ్రాయవలెను. ఒక పర్యాయము మేమే విహారయాత్రను గూర్చి ఇంగ్లీషున ప్రకటన వ్రాసి, బస్సు బాడుగ “వి” భరించునని తెలిపితిమి. మా యుద్దేశము “మనము”, అనగా పాఠశాల సగము, తల్లిదండ్రులు సగము. చదివినవారందఱు “మేము” అని గ్రహించి, పిల్లలను వట్టి చేతులతో పంపిరి. ఆ యేటి బాడుగను ఉపాధ్యాయులము పంచుకొంటిమి. తప్పు మాదే గనుక ఎవరిని నిందింతుము?

ఇప్పుడు మీకు మిక్కిలి సంబంధించిన దరఖాస్తుల సంగతికి వచ్చెదము. దీనికై కొంచెము ఎక్కువ కాలము తీసికొందుము.

మన ప్రాంతపు తల్లిదండ్రులను “మదర్ టంగ్”, “ఫస్ట్ లాంగ్వేజ్”, “మీడియం” అను మూడు మాటలు చిక్కుపఱచినంతగా మఱేవియు చిక్కుపఱపవు. మూడింటికిని తెలుగు అని వ్రాయువారు కలరు. మూడింటికిని తమిళము అని వ్రాయువారును కలరు. ఈ మూడును మూడు వేఱు ప్రశ్నలు. “మదర్ టంగ్” అనగా మాతృభాష. జనగణన అధికారులు దీనికి చెప్పు అర్థము వినదగినది: బాల్యమున తల్లి ఆ వ్యక్తితో మాట్లాడిన భాష, తల్లి శైశవముననే గతించినచో, ఆ బాల్యమున ఇంటిలో ముఖ్యముగా మాట్లాడిన భాష. బడిలో ఏమి చదివెను, వీధిలో ఏమి మాట్లాడెను, ఏ రాష్ట్రమున నివసించుచున్నాడు అను వాటితో దానికి పనిలేదు. చదువను వ్రాయను రాకున్నను మాతృభాష మాతృభాషయే. “మీడియం” అనగా గణితము, విజ్ఞానము మొదలగు పాఠములు ఏ భాషలో చెప్పబడునో ఆ మాధ్యమము. ఇక “ఫస్ట్ లాంగ్వేజ్” అనునది పాఠ్యప్రణాళికలోని ఒక స్థానము. 2006లో తమిళనాడు చేసిన తమిళ అధ్యయన చట్టము ప్రకారము ఒకటవ తరగతితో మొదలుపెట్టి, ఏటికొక తరగతి చొప్పున, మొదటి భాగమున తమిళమును, రెండవ భాగమున ఆంగ్లమును ఉంచిరి. తమిళముగాని ఆంగ్లముగాని మాతృభాష కానివారు తమ భాషను నాలుగవ భాగమున ఐచ్ఛికముగా చదువవచ్చును. దీనిపై నడచిన వ్యాజ్యముల చర్చ ఈ సభకు సంబంధింపదు. మేము చెప్పునది యొక్కటే: మన బాలుడు మొదటి భాగమున తమిళము చదివినంత మాత్రమున వాని మాతృభాష గడిలో తమిళము అని వ్రాయుట పొరపాటు. మొదటి భాగమున తమిళమున్నచోట పౌరుషమునకై తెలుగు అని వ్రాయుటయు పొరపాటే.

ఈ గడిలో ఏమి వ్రాసిన నేమి అందురా? రాజ్యాంగములోని 350-ఏ అధికరణము 1956లో చేర్చబడినది. భాషాల్పసంఖ్యాక వర్గముల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషయందు బోధన కలుగజేయుటకు తగిన సదుపాయములు కల్పింప యత్నింపవలెనని అది రాష్ట్రములకు చెప్పుచున్నది. భాషాల్పసంఖ్యాకులు ఎవరను ప్రశ్నను రాష్ట్రమును బట్టి నిర్ణయింపవలెనని 2002లో సుప్రీంకోర్టు పదునొకండుగురు న్యాయమూర్తుల పీఠము తేల్చెను. రాష్ట్రములో తెలుగువారెందఱని ఎవరైన అడిగినపుడు, లెక్కకు వచ్చునది ఆ చిన్న గడిలో మనము వ్రాసిన మాటయే. 2011 జనగణనలో వచ్చిన ఎన్యూమరేటరుకు ఇంటివారు ఏమి చెప్పిరో మాకు తెలిసినంతవఱకు విచారించితిమి. “బడిలో తమిళం కదా సార్, తమిళం అనే చెప్పినాము” అన్న కుటుంబములు మా వీధిలోనే తటస్థపడినవి.

“మైనారిటీ” అను మాటయే ఒక తల్లిగారిని తికమక పెట్టినది. అది పదునెనిమిదేండ్లు నిండని “మైనరు” పిల్లల బడి యనుకొని, తన పెద్ద కూతురిని చేర్చుకొనరేమో యని ఆమె సంశయించెను. నవ్వవలదు. న్యాయశాస్త్రమున యుక్తవయస్సు రాని దశను కూడ “మైనారిటీ” అనియే అందురు. ఆమె సంశయమునకు నిఘంటువు తోడున్నది.

మఱికొన్ని గడులు. “నేషనాలిటీ” అనుచోట తెలుగు అనియు, హిందువు అనియు వ్రాసినవి మా చేతికి వచ్చినవి. అచ్చట భారతీయుడు అని వ్రాయవలెను. “కమ్యూనిటీ” అనగా నిఘంటువున సమాజము. తమిళనాటి దరఖాస్తులలో మాత్రము వెనుకబడిన తరగతి, షెడ్యూల్డు కులము మొదలగు వర్గమని అర్థము. “ప్లేస్ ఆఫ్ బర్త్” అనగా పుట్టిన చోటు. కాన్పునకు బెంగుళూరు ఆసుపత్రికి పోయినచో ఆ గడిలో బెంగుళూరే వ్రాయవలెను. “నేటివ్ ప్లేస్” అనగా మన వాడుకలో పూర్వుల స్వగ్రామము. అది బాగలూరు కావచ్చును, బేరికె కావచ్చును.

అన్నింటికంటె చిక్కైనది “సర్‌నేమ్”. సరిహద్దు దాటి కుప్పమునకు పోయిన, మన బంధువుల పేరునకు ముందున్న అక్షరము ఇంటిపేరుది. ఇచ్చట తమిళనాటి ఆచారమున ఆ యక్షరము తండ్రిపేరుది. “ఇనిషియల్” అనగా మొదటి అక్షరము మాత్రమే. అది దేనికి మొదటి అక్షరమో అది చెప్పదు. “సర్‌నేమ్” అనగా వంశమునకు వచ్చు పేరు. ఒక ఇంటిలో అన్న పాసుపోర్టులో తండ్రిపేరును సర్‌నేముగా వ్రాయించెను. తమ్ముడు ఇంటిపేరును వ్రాయించెను. కాగితముల ప్రకారము వారిరువురు అన్నదమ్ములు కారు! ఆ గడిని వట్టిగా విడుచువారును కలరు. 2022 నవంబరులో ఐక్య అరబ్ ఎమిరేట్సు, పాసుపోర్టున ఒక్క పేరే యుండి సర్‌నేము లేనివారికి సందర్శక వీసాలపై అడ్డు చెప్పెను. పిదప, వేఱొక పుటలో తండ్రిపేరో ఇంటిపేరో ఉన్న చాలునని సడలించిరి. కావున పిల్లవాని మొదటి దరఖాస్తునాడే ఇంటిలో కూర్చుండి ఒక నిర్ణయమునకు రండు. అటుపిమ్మట అన్ని కాగితములలోను దానినే వ్రాయుడు.

ఇక హోసూరు కర్మాగారములలో పనిచేయు బిడ్డల తల్లిదండ్రులు ఈ మాట వినవలెను. మా పూర్వవిద్యార్థి యొకడు పనిలో చేరిన క్రొత్తలో, రంగులో కలుపు థిన్నరు పీపాపై “ఇన్‌ఫ్లేమబుల్” అని చదివెనట. “కరెక్ట్”కు “ఇన్‌కరెక్ట్” వ్యతిరేకము గదా. కావున ఇది మంటపట్టనిది యని నిశ్చయించి, దాని ప్రక్కనే వెల్డింగు సామగ్రి నుంచెను. ఫోర్‌మన్ కేక వేసి వానిని లాగెను. లాటిను భాషనుండి వచ్చిన ఈ “ఇన్” రెండు విధములు: ఒకటి “కాదు” అని చెప్పును, మఱియొకటి “లోనికి” అని చెప్పును. మంట లోనికి చొచ్చునది ఇన్‌ఫ్లేమబుల్. “ఫ్లేమబుల్” అన్నను అదే యర్థము. ఈ పొరపాటునకు ప్రాణములు బలియగునని యెంచి, అమెరికాలో అగ్నిప్రమాద నివారణ సంస్థలవారు గత శతాబ్దిలోనే “ఫ్లేమబుల్” అను పొట్టి మాటను వాడుడని ప్రోత్సహించిరి. మంట పట్టనిదానిని “నాన్‌ఫ్లేమబుల్” అందురు. అయినను పాత మాట పీపాలపై నేటికిని కనబడుచున్నది. మీ బిడ్డలు సెలవుదినమున ఇంటికి వచ్చినపుడు ఈ యొక్క మాట అడిగి చూడుడు.

“ఇన్‌వాల్యుబుల్” కూడ ఇట్లే మోసగించును. విలువ లేనిది యని పిల్లలు వ్రాయుదురు. మేము “అమూల్యము” అని నల్లబల్లపై వ్రాసి ఊరకుందుము. మూల్యము లేనిది యని కాక, మూల్యము కట్టరానిది యని అర్థమని వారే చెప్పుదురు. సంస్కృతపు “అ”యు, లాటిను “ఇన్”ను ఇచ్చట ఒక్కదారినే నడచినవి.

వైద్యుని చీటిలోని “హైపర్”, “హైపో” అను రెండును గ్రీకు భాషవి; మొదటిది మీదు, రెండవది క్రిందు. రక్తమున చక్కెర మిక్కుటమైన హైపర్, తగ్గిపోయిన హైపో. థైరాయిడు గ్రంథి విషయమునను అంతే. రెండింటి చికిత్సలు ఒకదానికొకటి ఎదురు. ఇంటిలో పెద్దల జబ్బుపేరు చెప్పునపుడు ఈ కడపటి శబ్దమును మ్రింగవలదని పిల్లలకు చెప్పుచుందుము.

తెలుగులిపిలో వ్రాసిన ఒక్కటిగానో ఒక్కటివలెనో ఉండి, ఇంగ్లీషు అక్షరములలో వేఱగునవి కొన్ని కలవు. వాటిని వేగముగా చెప్పి ముగింతుము. “ప్రిన్సిపల్” కడపట పీ, ఏ, ఎల్ ఉన్న కళాశాల పెద్ద, లేదా అప్పులో అసలు; పీ, ఎల్, ఈ ఉన్న సూత్రము. “స్టేషనరీ”లో కడపటి ఆర్‌కు ముందు ఏ ఉన్న కదలనిది, ఈ ఉన్న కాగితములు, కలములు. ఈ రెండును తోబుట్టువులే: ఊరూర తిరుగక ఒక్కచోట స్థిరముగా అంగడి పెట్టుకొని పుస్తకములమ్మిన వర్తకునినుండి రెండవది పుట్టినది. “ఎడ్వైస్” అని సకారముతో పలికిన సలహా. “ఎడ్వైజ్” అని జకారముతో పలికిన సలహా ఇచ్చుట. “లైసెన్స్” అనుదానికి నామవాచకమైన సీ, క్రియయైన ఎస్ వ్రాయుట బ్రిటిషు పద్ధతి, మనదియు అదే. అమెరికావారు రెంటికిని ఎస్ వ్రాయుదురు. చేతి ఫోనులు పెక్కు అమెరికా లెక్కలో దిద్దుచుండుటచే, మా దిద్దుబాటే తప్పని పిల్లలు మాతో వాదించుచున్నారు. హోసూరు 2019లో నగరపాలక సంస్థయైనది మొదలు మరియొక జంట ముందునకు వచ్చినది. వార్డునుండి ఎన్నికైనవారు “కౌన్సిలరు”. చదువు విషయమున సలహా చెప్పువారు “కౌన్సెలరు”. ఇంజనీరింగు సీటునకై కౌన్సెలింగు ఎప్పుడని ఒక తండ్రిగారు తమ వార్డు సభ్యుని ఇంటికి పోయి అడిగిరట. ఆయన మంచివారు, కాఫీ ఇచ్చి, కనుగొని చెప్పెదనని పంపిరి.

మన నోట బడి అర్థము మారిన మాటలును కలవు. మనకు “హోటలు” భోజనశాల. ఆంగ్లమున అది ముఖ్యముగా బస. మనకు “సీరియస్” అనగా ప్రాణముమీదికి వచ్చుట. “మా అవ్వ సీరియస్‌గా ఉన్నది, సెలవు ఇప్పించగలరు” అను లేఖను ఆంగ్లేయుడు చదివినచో, అవ్వగారు నవ్వులాటకు రారని మాత్రమే గ్రహించును. “సీరియస్‌గా జబ్బుపడి” అని చేర్చిన చాలును. “పాస్డ్ ఔట్” అని ఉద్యోగ దరఖాస్తులో వ్రాసికొనువారికి ఒక హెచ్చరిక: కళాశాల విడిచితినని మనము వ్రాయుదుము, విదేశపు యజమాని మూర్ఛపోతినని చదువవచ్చును.

ఆ తల్లిగారి సంగతి చెప్పవలసియున్నది. ఆనాడు మేము ఆమెకు ఉపన్యాస మీయలేదు. బాలుని పిలిపించి, మా కలమును వాని చేతికిచ్చి, “ఇప్పుడెవరు బారో చేసిరి?” అని అడిగితిమి. “నేను” అనెను. “లెండ్ ఎవరు?” “మీరు.” కలము మరల మాకిమ్మని, వానిది మేము తీసికొని అడిగితిమి. తడబడక చెప్పెను. పిమ్మట వాడే తల్లిగారి చేతిసంచిని తీసికొని ఆమెను తెలుగులో అడుగసాగెను. ఆమెయు సమాధానము చెప్పిరి. టీసీ దరఖాస్తును సంవత్సరాంతము వఱకు ఉంచుమని ఆమె వెళ్లిరి. అది మా బల్లసొరుగులోనే యున్నది. ఆమె ఎట్లు నిర్ణయించినను మాకు సమ్మతమే. బాలుడు ఎచ్చట చదివినను మా బాలుడే.

ఒక విన్నపము. వచ్చు మాసమునుండి ప్రతి శనివారము ఉదయము పది గంటలు మొదలు మధ్యాహ్నము వఱకు మా గ్రంథాలయపు గదిలో ఇద్దఱు ఉపాధ్యాయులు కూర్చుండియుందురు. బడికి, బ్యాంకునకు, పాసుపోర్టునకు, ఏ కార్యాలయమునకైనను పంపవలసిన దరఖాస్తు మీయొద్ద నున్నచో, దాని నకలు తీసి, మొదట పెన్సిలుతో పూరించి తీసికొనిరండు. పిల్లవానిని కూడ వెంట తెండు. గడులను వాడే చదివి మీకు తెలుగులో చెప్పును. మేము ప్రక్కన కూర్చుండి విందుము.